ప్లాస్టిక్కుల ఆమ్ల నిరోధకత

ప్లాస్టిక్కుల ఆమ్ల నిరోధకత అనగా, ఒక ప్లాస్టిక్కు ఆమ్లంతో దీర్ఘకాలం తాకుతూ ఉన్నప్పటికీ తన బరువును, ఆకారాన్ని, బలాన్ని చెప్పుకోదగినంతగా కోల్పోకుండా నిలబడగలిగే గుణం. మోటారు వాహనాల బ్యాటరీ పెట్టెలు, మరుగుదొడ్లు శుభ్రపరచే ఆమ్లపు సీసాలు, రసాయన కర్మాగారాల గొట్టాలు, ప్రయోగశాలల పాత్రలు ఈ గుణంపైనే ఆధారపడి ఉన్నాయి. ఆమ్లం ఇనుమును, జింకును, సున్నపురాయిని తింటుంది కాని ప్లాస్టిక్కును ఏమీ చేయదనే అభిప్రాయం జనసామాన్యంలో ఉన్నది. కొన్ని ప్లాస్టిక్కుల విషయంలో, కొన్ని ఆమ్లాల విషయంలో, కొన్ని ఉష్ణోగ్రతల వద్ద మాత్రమే ఇది నిజం. పాలిథీన్ సీసాలో ఎంతకాలమైనా నిలువ ఉండే గాఢ హైడ్రోక్లోరిక్ ఆమ్లం నైలాన్ దారాన్ని కరిగించివేస్తుంది. ఆ పాలిథీన్‌నే గాఢ నత్రికామ్లం క్రమంగా పెళుసుబారుస్తుంది. కనుక ఆమ్ల నిరోధకతను ప్లాస్టిక్కుకు ఒక్కదానికే ఆపాదించడం కుదరదు. ఫలానా ప్లాస్టిక్కు, ఫలానా గాఢత గల ఫలానా ఆమ్లం, ఫలానా ఉష్ణోగ్రత అని మూడూ చెప్పినప్పుడే ఆ మాటకు అర్థం ఏర్పడుతుంది.

ఆమ్లపు బలం, గాఢత

రసాయన శాస్త్రంలో బలమైన ఆమ్లం అంటే నీటిలో దాదాపు పూర్తిగా అయాన్లుగా విడిపోయే ఆమ్లం. హైడ్రోక్లోరిక్, నత్రిక, సల్ఫ్యూరిక్ ఆమ్లాలు ఈ కోవలోనివి. అసిటిక్, ఫార్మిక్, హైడ్రోఫ్లోరిక్ ఆమ్లాలు బలహీనమైనవి. గాఢత అన్నది వేరే విషయం. నీటిలో ఎంత ఆమ్లం కలిసి ఉన్నదో అది తెలుపుతుంది. బలమైన ఆమ్లాన్ని ఎక్కువ నీటితో కలిపి సజల ద్రావణంగా చేయవచ్చు, బలహీనమైన ఆమ్లాన్ని నీరు లేకుండా గాఢంగానూ ఉంచవచ్చు.

ప్లాస్టిక్కుకు కలిగే హానిని ఆమ్లపు బలాన్ని బట్టి ఊహించడం తరచు తప్పుదారి పట్టిస్తుంది. హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం బలహీనమైనదే అయినా గాజును కరిగిస్తుంది. కాని మామూలు పాలిథీన్ సీసాలో నిలువ ఉంటుంది. చీమల విషంలో ఉండే ఫార్మిక్ ఆమ్లం కూడా బలహీనమైనదే. అయినా 80 - 90 శాతం గాఢత వద్ద అది నైలాన్‌ను గది ఉష్ణోగ్రతలోనే కరిగిస్తుంది. వస్త్ర పరీక్షాశాలలలో ఒక గుడ్డలో నైలాన్ ఎంత, పాలియెస్టర్ ఎంత అని తేల్చడానికి ఈ గుణాన్నే ఉపయోగిస్తారు. నైలాన్ కరిగిపోగా పాలియెస్టర్ పోగులు మిగులుతాయి.

ప్లాస్టిక్కులకు పూర్వం

ఆమ్లాలు ప్లాస్టిక్కుల కంటే ఎంతో ప్రాచీనమైనవి. వాటిని తయారు చేయడం కంటే నిలువ చేయడమే చాలాకాలం పెద్ద సమస్యగా ఉండేది. గాజు పాత్రలు చక్కగా పనిచేసేవి కాని పెద్దవి చేయడం కష్టం, పగిలే ప్రమాదం ఎక్కువ. 1746లో ఇంగ్లండులోని బర్మింగ్‌హాములో జాన్ రోబక్ సీసపు రేకులతో గదులు కట్టి వాటిలో సల్ఫ్యూరిక్ ఆమ్లాన్ని తయారు చేయించాడు. సీసం మీద సీసపు సల్ఫేటు పొర ఏర్పడి అడుగున ఉన్న లోహాన్ని కాపాడుతుంది. గంధకికామ్లం అని తెలుగులో పిలిచే ఈ ఆమ్లం చవకగా దొరకడం దీనితోనే మొదలయింది.

1771లో కార్ల్ విల్‌హెల్మ్ షీలే హైడ్రోఫ్లోరిక్ ఆమ్లాన్ని పరిశీలించినప్పుడు గాజు పాత్రలు పనికిరాకుండా పోయాయి. తరువాతి కాలంలో దీనిని సీసం, మైనం, గట్టాపెర్చా అనే చెట్టుపాలతో చేసిన సీసాలలో ఉంచేవారు. గట్టాపెర్చా, గంధకంతో గట్టిపరచిన రబ్బరు అయిన ఎబొనైటు - ఈ రెండింటినీ ఆమ్లాన్ని తట్టుకొనే పాలిమర్‌లలో తొలి తరంగా చెప్పుకోవచ్చు. 20వ శతాబ్దంలో చాలాకాలం వరకు బ్యాటరీ పెట్టెలు నల్లని గట్టి రబ్బరుతోనే చేసేవారు.

1933లో ఇంగ్లండులోని ఐ.సి.ఐ. సంస్థలో పాలిథీన్, 1938లో అమెరికాలోని డూపాంట్ సంస్థలో టెఫ్లాన్ అనుకోకుండానే బయటపడ్డాయి. 1953లో జర్మనీలో కార్ల్ జీగ్లర్ అధిక సాంద్రత గల పాలిథీన్‌ను తక్కువ పీడనం వద్ద తయారు చేసే మార్గం కనుగొన్నాడు. 1954లో ఇటలీలో జూలియో నట్టా గట్టి పాలీప్రొపిలీన్‌ను తయారు చేశాడు. వీరిద్దరికీ 1963లో రసాయన శాస్త్రంలో నోబెల్ బహుమతి లభించింది. నేడు ఆమ్లాన్ని మోసే డబ్బాలలో అధిక భాగం ఈ రెండు ప్లాస్టిక్కులతో చేసినవే.

లోహం తినబడటం, ప్లాస్టిక్కు చెడిపోవడం

ఆమ్లం లోహాన్ని తినేటప్పుడు లోహపు పరమాణువులు ఎలక్ట్రాన్లను కోల్పోయి అయాన్లుగా ద్రావణంలోకి పోతాయి. పైపొర కరిగి లోహం పలుచబడుతుంది. ఏడాదికి ఎన్ని మిల్లీమీటర్లు తరుగుతుందో కొలిచి ఆ పాత్ర ఎన్నాళ్ళు నిలుస్తుందో లెక్క వేయవచ్చు. ప్లాస్టిక్కులో అలా జరగదు. ప్లాస్టిక్కు విద్యుద్వాహకం కాదు, అందులో కోల్పోదగిన స్వేచ్ఛా ఎలక్ట్రాన్లు లేవు. అది వేలాది పరమాణువులు పొడవుగా పేర్చిన గొలుసుల ముద్ద. ఆమ్లం ఆ గొలుసుల మధ్యకు దూరుతుంది, అక్కడ గొలుసులను తెంచవచ్చు, వాటికి కొత్త గుంపులను అతికించవచ్చు, లేదా ఏ రసాయన మార్పూ లేకుండా వాటిని ఒకదానినుండి ఒకటి విడదీసి ఉబ్బించవచ్చు. అందుచేత చెడిపోయిన ప్లాస్టిక్కు చాలాసార్లు పైకి మామూలుగానే కనిపిస్తుంది. గోడ మందం తరగదు. ఒకరోజు డబ్బాను ఎత్తినప్పుడు పెటిలిపోతుంది.

ఇనుముకు, ప్లాస్టిక్కుకు గల ఈ తేడా సల్ఫ్యూరిక్ ఆమ్లం విషయంలో విచిత్రంగా కనిపిస్తుంది. 98 శాతం గాఢ ఆమ్లాన్ని మామూలు ఉక్కు ట్యాంకర్లలోనే రవాణా చేస్తారు. ఉక్కు మీద ఐరన్ సల్ఫేటు పొర ఏర్పడి తరువాతి చర్యను ఆపుతుంది. ఆ ఆమ్లంలోనే నీరు కలిపితే పొర కరిగిపోయి ఉక్కు వేగంగా తినబడుతుంది. ప్లాస్టిక్కుల తీరు దీనికి తలకిందులు. నీరు కలిసిన ఆమ్లాన్ని పాలిథీన్, పాలీప్రొపిలీన్, పి.వి.సి. సునాయాసంగా భరిస్తాయి, గాఢత 90 శాతం దాటిన కొద్దీ వాటికి ఇబ్బంది పెరుగుతుంది. అధిక సాంద్రత పాలిథీన్ డబ్బాలలో 98 శాతం ఆమ్లాన్ని కూడా గది ఉష్ణోగ్రతలో నిలువ చేయడం వాడుకలో ఉన్నది కాని డబ్బా కాలక్రమంలో గోధుమరంగుకు తిరుగుతుంది. వేడెక్కితే హాని త్వరపడుతుంది. "గాఢ ఆమ్లాన్ని తట్టుకున్నది కనుక సజల ఆమ్లాన్ని తప్పక తట్టుకుంటుంది" అనే తర్కం ఉక్కు విషయంలో ట్యాంకునే పోగొడుతుంది. "సజల ఆమ్లాన్ని తట్టుకున్నది కనుక గాఢ ఆమ్లాన్నీ తట్టుకుంటుంది" అనేది ప్లాస్టిక్కు విషయంలో అంతే ప్రమాదకరం.

గొలుసులు తెగే చోటు

పాలిథీన్ గొలుసులో కార్బన్‌కు కార్బన్, కార్బన్‌కు హైడ్రోజన్ తప్ప మరో బంధం లేదు. ఈ బంధాలలో విద్యుదావేశం ఒక పక్కకు మొగ్గదు. ఆమ్లంలోని ప్రోటాను వచ్చి పట్టుకోవడానికి దానికి ఆసరా దొరకదు. పైగా ఇది నీటిని దరిచేరనివ్వని పదార్థం కనుక నీటిలో కరిగిన అయాన్లు లోపలికి చొరబడలేవు. 37 శాతం హైడ్రోక్లోరిక్ ఆమ్లమైనా పాలిథీన్‌కు హాని చేయలేకపోవడానికి కారణం ఇదే.

నైలాన్ కథ వేరు. దాని గొలుసులో క్రమం తప్పకుండా అమైడ్ బంధాలు ఉంటాయి. ఆమ్లపు ప్రోటాను ఈ బంధంలోని ఆక్సిజన్‌ను పట్టుకోగానే పక్కనున్న కార్బన్ మీద నీటి అణువు దాడి చేయడం సులభమవుతుంది. బంధం తెగి గొలుసు రెండు ముక్కలవుతుంది. దీనినే జలవిశ్లేషణ అంటారు. ఆమ్లం ఈ చర్యను వేగపరుస్తుంది. కనుక కొద్దిపాటి ఆమ్లమైనా తగినంత సమయం, వేడి ఉంటే ఎన్నో గొలుసులను తెంచగలదు. గొలుసుల సగటు పొడవు సగానికి పడిపోయేసరికే దారం బలం చాలావరకు నశిస్తుంది. పర్వతారోహకుల నైలాన్ తాళ్ళను బ్యాటరీ ఆమ్లం దరిదాపులలో ఉంచరాదని చెప్పడం ఇందువల్లనే. ఆమ్లం సోకిన తాడు చూపుకు బాగానే ఉండి బరువు పడినప్పుడు తెగుతుంది.

నూలు బట్ట విషయం కూడా ఇటువంటిదే. పత్తిలోని సెల్యులోజ్ గొలుసును ఆమ్లం తెంచుతుంది. బ్యాటరీ ఆమ్లపు చుక్క లాగు మీద పడినప్పుడు వెంటనే ఏమీ కనబడదు. నీరు ఆరిపోయేకొద్దీ ఎగిరిపోని సల్ఫ్యూరిక్ ఆమ్లం అక్కడే గాఢమవుతుంది. తరువాత ఉతికినప్పుడు అక్కడ కన్నం పడుతుంది. పాలియెస్టరు బట్టలోనూ తెగదగిన ఎస్టర్ బంధాలు ఉన్నాయి కాని ఆ గొలుసులు బిగువుగా స్ఫటికాలలా పేరుకొని ఉండి నీటిని అంతగా రానివ్వవు. చల్లని సజల ఆమ్లాన్ని అది బాగా ఓర్చుకుంటుంది. గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లంలో మాత్రం కరిగిపోతుంది. మంచినీటి సీసాల పి.ఇ.టి. కూడా రసాయనికంగా పాలియెస్టరే.

యంత్రాల పళ్ళచక్రాలు, జిప్పులలో వాడే అసిటాల్ అనే ప్లాస్టిక్కు ఆమ్లం ముందు నిలవనివాటిలో ముందు వరుసలో ఉంటుంది. దాని గొలుసు అంతా ఒకటి విడిచి ఒకటి ఆక్సిజన్, కార్బన్ పరమాణువులే. బలమైన ఆమ్లం ఎక్కడ తెంచినా అక్కడినుండి గొలుసు జారుముడిలా విప్పుకుంటూ ఫార్మాల్డిహైడ్‌గా విడిపోతుంది.

కరగడం అన్నిసార్లూ నాశనం కావడం కాదు. తూటాలను ఆపే కవచాలలో వాడే కెవ్లార్ పోగులను తీయడానికి ఆ పాలిమర్‌ను దాదాపు నీరు లేని సల్ఫ్యూరిక్ ఆమ్లంలోనే కరిగించి సన్నని రంధ్రాల గుండా నీటిలోకి వదులుతారు. కెవ్లార్‌లోనూ నైలాన్‌లో ఉన్నటువంటి అమైడ్ బంధాలే ఉన్నాయి. అయితే తెంచడానికి కావలసిన నీరు ఆ ఆమ్లంలో లేదు కనుక గొలుసులు విడివడతాయే కాని తెగవు. ఆమ్లాన్ని కడిగివేయగానే పోగు గట్టిపడుతుంది.

ఆక్సీకరణం చేసే ఆమ్లాలు

నత్రికామ్లం, క్రోమిక్ ఆమ్లం ప్రోటాను ఇచ్చి ఊరుకోవు. అవి ఆక్సిజన్‌ను కూడా ఇస్తాయి. హైడ్రోక్లోరిక్ ఆమ్లం చేయలేని పనిని అందుకే ఇవి చేస్తాయి. కార్బన్‌కు హైడ్రోజన్‌కు మధ్యనున్న బంధాన్ని తెంచి అక్కడ ఆక్సిజన్ గుంపులను చేర్చి, చివరికి గొలుసునే ఖండిస్తాయి. పాలీప్రొపిలీన్‌లో ప్రతి రెండవ కార్బన్‌కు ఒక మిథైల్ కొమ్మ ఉంటుంది. కొమ్మ మొలిచిన చోటనున్న హైడ్రోజన్ తేలికగా ఊడివస్తుంది. అందుచేత పాలిథీన్ కంటే పాలీప్రొపిలీన్ ఎక్కువ వేడిని తట్టుకున్నా నత్రికామ్లం ముందు మాత్రం పాలిథీన్ కంటే ముందుగా లొంగుతుంది.

ఈ సంగతి అంతర్జాతీయ రవాణా నియమాలలోకి కూడా ఎక్కింది. ప్రమాదకర వస్తువుల రవాణాకు ఐక్యరాజ్యసమితి చేసిన సిఫారసుల ప్రకారం ప్లాస్టిక్కు డ్రమ్ములను, క్యానులను తయారైన నాటినుండి సాధారణంగా 5 సంవత్సరాల వరకు వాడవచ్చు. 55 శాతానికి మించిన నత్రికామ్లానికి మాత్రం ఈ గడువు 2 సంవత్సరాలే. 60 నుండి 85 శాతం వరకు ఉండే హైడ్రోఫ్లోరిక్ ఆమ్లానికీ 2 సంవత్సరాలే. డ్రమ్ము మీద గడియారం ముఖం వంటి గుండ్రని ముద్ర ఉంటుంది. దానిలోని బాణం తయారైన నెలను, అంకెలు సంవత్సరాన్ని తెలుపుతాయి. పాత డబ్బాలు కొని ఆమ్లం నింపేవారు ఈ ముద్రను చూడటం అరుదు.

మూడు పాళ్ళు హైడ్రోక్లోరిక్ ఆమ్లం, ఒక పాలు నత్రికామ్లం కలిపిన ద్రవరాజం బంగారాన్ని కరిగిస్తుంది. దీనిని ఏ సీసాలోనూ బిగించి ఉంచకూడదు. రెండు ఆమ్లాలు తమలో తాము చర్య జరుపుకుంటూ క్లోరిన్ వంటి వాయువులను విడుదల చేస్తూనే ఉంటాయి కనుక పీడనం పెరిగి సీసా పగులుతుంది. అప్పుడు సీసా ఏ పదార్థంతో చేసినదన్న విచారం వల్ల ప్రయోజనం ఉండదు.

క్రోమిక్ ఆమ్లపు దాడిని పరిశ్రమ తన పనికి వాడుకున్నది. వెండిలా మెరిసే ప్లాస్టిక్కు కుళాయిలు, కార్ల ముందరి చిహ్నాలు చాలావరకు ఎ.బి.ఎస్. అనే ప్లాస్టిక్కుతో చేసినవి. అందులో సూక్ష్మమైన రబ్బరు గోళాలు పొదిగి ఉంటాయి. క్రోమిక్, సల్ఫ్యూరిక్ ఆమ్లాల మిశ్రమంలో ముంచినప్పుడు పైపొరలోని గోళాలు తినబడి చిన్న చిన్న గుంటలు మిగులుతాయి. తరువాత పూసే లోహం ఈ గుంటలలో వేళ్ళూనుకొని ఊడిపోకుండా నిలుస్తుంది.

సల్ఫ్యూరిక్ ఆమ్లం, పాలీస్టైరీన్

పాలీస్టైరీన్ గొలుసు కూడా పాలిథీన్ వలె కార్బన్ గొలుసే. కాని ప్రతి రెండవ కార్బన్‌కు ఒక బెంజీన్ వలయం వేలాడుతూ ఉంటుంది. గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లం గొలుసును వదలి ఈ వలయాలను పట్టుకొని వాటికి సల్ఫోనిక్ గుంపులను అతికిస్తుంది. నీటిని సహించని ప్లాస్టిక్కు కాస్తా నీటిని పీల్చే పదార్థంగా మారిపోతుంది. పాత్రగా చూస్తే ఇది పాడైపోవడమే. అయితే అడ్డుబంధాలతో గొలుసులను ముడివేసిన పాలీస్టైరీన్ పూసలను ఉద్దేశపూర్వకంగా ఇలా మార్చితే అయాన్ వినిమయ రెజిన్ తయారవుతుంది. కఠిన జలంలోని కాల్షియం, మెగ్నీషియంలను తీసివేసే యంత్రాలలో ఉండే పసుపు గోధుమరంగు పూసలు ఇవే. అవి పనిచేయడం తగ్గినప్పుడు ఉప్పునీటితో కడిగి మళ్ళీ వాడుతారు.

ఫ్లోరిన్ కవచం

1938 ఏప్రిల్ 6న రాయ్ ప్లంకెట్ శీతలీకరణ వాయువుల కోసం పరిశోధిస్తూ, ఖాళీ అయినట్లు కనిపించినా బరువు తగ్గని ఒక సిలిండరును కోయించి చూడగా అందులో తెల్లని మైనపు పొడి కనిపించింది. అదే టెఫ్లాన్. పాలిథీన్‌లోని ప్రతి హైడ్రోజన్ స్థానంలో ఫ్లోరిన్ ఉంచితే వచ్చే పాలిమర్ ఇది. ఫ్లోరిన్ పరమాణువులు గొలుసు చుట్టూ ఒరలా అమరి లోపలి కార్బన్‌ను ఎవరికీ అందకుండా చేస్తాయి. వేడి నత్రికామ్లం, పొగలు కక్కే సల్ఫ్యూరిక్ ఆమ్లం, ద్రవరాజం, హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం - ఏదీ దీనిని తాకలేదు. కరిగించిన సోడియం వంటి క్షార లోహాలు, అధిక ఉష్ణోగ్రతలో ఫ్లోరిన్ వాయువు మాత్రమే దీనికి శత్రువులు. 260 డిగ్రీల సెల్సియస్ వరకు దీనిని నిరంతరంగా వాడవచ్చు. రెండవ ప్రపంచయుద్ధ కాలంలో అణుబాంబు పథకంలో యురేనియం హెక్సాఫ్లోరైడ్‌ను తట్టుకొనే పదార్థంగా దీనికి తొలి పెద్ద ఉపయోగం దొరికింది.

ఇంత గుణవంతమైనది అన్ని చోట్లా ఎందుకు వాడరనే ప్రశ్న సహజం. ధర ఒక కారణం. రెండవది, ఇది కరిగి పారదు. పొడిని అచ్చులో నొక్కి కాల్చి ముద్ద చేయాలి. పైగా మెత్తన, ఎడతెగని బరువు కింద మెల్లగా సాగిపోతుంది. అందువల్ల ఉక్కు గొట్టానికి లోపలి పూతగా, కవాటాలలో బిళ్ళగా ఎక్కువగా వాడతారు. బలం ఉక్కుది, నిరోధకత టెఫ్లాన్‌ది.

బలహీన ఆమ్లం, మెత్తబడే ప్లాస్టిక్కు

నీరు లేని అసిటిక్ ఆమ్లం ఆమ్లంగా కంటే ద్రావణిగా ఎక్కువ హాని చేస్తుంది. ఏక్రిలిక్ పలక సజల సల్ఫ్యూరిక్ ఆమ్లంలో చెక్కుచెదరకుండా ఉండి, గాఢ అసిటిక్ ఆమ్లంలో మెత్తబడి కరుగుతుంది. ఇక్కడ ఏ బంధమూ తెగలేదు. సజాతీయమైన గుంపులు గల రెండు పదార్థాలు ఒకదానిలో ఒకటి కలిసిపోయాయి, అంతే. ఆ అసిటిక్ ఆమ్లమే 4 లేదా 5 శాతంగా ఉన్నప్పుడు వంటింటి వినెగరు అవుతుంది. దానికి ఈ శక్తి ఉండదు.

ఊరగాయలు, చింతపండు పులుసు ఉంచిన ప్లాస్టిక్కు డబ్బాలు ఎర్రబారడం చూసి ఆమ్లం ప్లాస్టిక్కును తిన్నదని అనుకోవడం కద్దు. నిజానికి ఆ ఎరుపు మిరపకాయల రంగు. అది నూనెలో కరుగుతుంది. పాలీప్రొపిలీన్ కూడా నూనె వంటి పదార్థమే కనుక దానిలోకీ పాకుతుంది. డబ్బా బలానికి లోటు లేదు. పులుపు వల్ల ప్లాస్టిక్కులోని ఇతర పదార్థాలు ఆహారంలోకి దిగుతాయా అన్నది వేరే ప్రశ్న. భారతీయ ప్రమాణాల ప్రకారం దీనిని 3 శాతం అసిటిక్ ఆమ్లంతో పరీక్షిస్తారు. దిగే మొత్తం లీటరుకు 60 మిల్లీగ్రాములకు మించరాదు.

వేడి, ఒత్తిడి, చొరబాటు

రసాయన చర్యల వేగం ప్రతి 10 డిగ్రీలకు రమారమి రెట్టింపు అవుతుందన్నది ఒక మోటు లెక్క. ప్లాస్టిక్కుల విషయంలో దీనికి మరొకటి తోడవుతుంది. వేడికి గొలుసులు సడలి ఆమ్లానికి దారి ఇస్తాయి. పి.వి.సి. గొట్టాలు ఆమ్లాలకు చక్కగా నిలిచినా 60 డిగ్రీలు దాటిన చోట వాటిని వాడరు. క్లోరిన్ శాతాన్ని పెంచిన సి.పి.వి.సి. 90 డిగ్రీల పైచిలుకు వరకు పనికివస్తుంది. గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లాన్ని నీటితో కలిపినప్పుడు పుట్టే వేడి ఒక్కటే పలుచని ప్లాస్టిక్కు బకెట్టును మెత్తబరచడానికి చాలు. అక్కడ ప్లాస్టిక్కును ఆమ్లం జయించలేదు, వేడి జయించింది.

లాగుడు, వంపు వంటి ఒత్తిడిలో ఉన్న ప్లాస్టిక్కు అదే ద్రవంలో ఒత్తిడి లేనప్పటి కంటే ముందుగా చిట్లుతుంది. గట్టిగా బిగించిన మర దగ్గర, వంచి అతికించిన గొట్టం మలుపు దగ్గర పగుళ్ళు కనిపించడం ఇందువల్లనే.

గాజుపోగులు కలిపిన ప్లాస్టిక్కు ట్యాంకులలో ఇంకొక చిక్కు ఉన్నది. వాటికి వాడే వినైల్ ఎస్టర్ వంటి రెజిన్‌లు ఆమ్లాన్ని తట్టుకుంటాయి. కాని లోపలనున్న సాధారణ గాజుపోగులలోని కాల్షియం, అల్యూమినియంలను సజల ఆమ్లం లాగివేస్తుంది. ఒక వెంట్రుకవాసి పగులు గుండా ఆమ్లం పోగును చేరిందంటే పోగు తెగుతుంది, పగులు ముందుకు సాగుతుంది, మరో పోగు బయటపడుతుంది. అందుకే ఇటువంటి ట్యాంకులకు లోపలివైపు రెజిన్ ఎక్కువగా, పోగులు తక్కువగా ఉండే పొరను ప్రత్యేకంగా వేస్తారు. ఆమ్లాన్ని తట్టుకొనే వేరే రకం గాజుపోగులు కూడా తయారవుతున్నాయి.

ఆమ్లం ప్లాస్టిక్కును ఏమీ చేయకుండానే దానిగుండా బయటకు పోవచ్చు కూడా. హైడ్రోజన్ క్లోరైడ్ వాయువు పాలిథీన్ గోడగుండా, మూత మరలగుండా అతి స్వల్పంగా బయటపడుతూనే ఉంటుంది. గాఢ హైడ్రోక్లోరిక్ ఆమ్లపు సీసా ఉంచిన అలమరలో తాళాలు, మేకులు, కీళ్ళు తుప్పు పడతాయి. సీసా మాత్రం కొత్తదానిలా ఉంటుంది.

పరీక్షలు, పట్టికలు

ప్లాస్టిక్కు ముక్కలను తూచి, కొలిచి, ఆమ్లంలో ముంచి, నిర్ణీత కాలం తరువాత మళ్ళీ తూచి, కొలిచి, లాగి తెంపి చూడటమే పరీక్షా విధానం. అంతర్జాతీయ ప్రమాణం ఐ.ఎస్.ఓ. 175 ఇందుకు 24 గంటలు, 1 వారం, 16 వారాలు అనే గడువులను సూచిస్తుంది. బరువు తగ్గడం వలెనే పెరగడం కూడా దోషమే. పెరిగిందంటే ప్లాస్టిక్కు ఆమ్లాన్ని పీల్చుకున్నదని అర్థం. కొంత పీల్చుకొని, కొంత కోల్పోయి, మొత్తం మీద బరువు మారని ముక్క అన్నింటికంటే ఎక్కువ మోసం చేస్తుంది. కనుక బరువుతో పాటు బలాన్ని కూడా చూడాలి.

ఈ ఫలితాలను తయారీదారులు పట్టికలుగా ప్రకటిస్తారు. ఒక్కో గడిలో మంచిది, పరవాలేదు, పనికిరాదు అనే అర్థం వచ్చే అక్షరం ఉంటుంది. గాఢత చెప్పకుండా "సల్ఫ్యూరిక్ ఆమ్లం" అని మాత్రమే రాసిన వరుసకు విలువ లేదు. పట్టికలోని అక్షరాలు చాలావరకు 20 డిగ్రీల దగ్గర, ఒత్తిడి లేని ముక్కలతో చేసిన పరీక్షలవి. వేసవిలో ఎండకు నిలబెట్టిన ట్యాంకు గోడ అంతకంటే ఎంతో వేడిగా ఉంటుంది. రెండు ఆమ్లాలకూ విడివిడిగా "మంచిది" అని ఉన్నంత మాత్రాన వాటి మిశ్రమానికీ అదే వర్తిస్తుందని చెప్పలేము.

బ్యాటరీ పెట్టె

సీసపు ఆమ్ల బ్యాటరీలో సల్ఫ్యూరిక్ ఆమ్లం గాఢత పూర్తి ఛార్జిలో సుమారు 37 శాతం, విశిష్ట సాంద్రత 1.28 పరిసరాలలో ఉంటుంది. పాలీప్రొపిలీన్‌కు ఇది అనుకూలమైన పరిధి. తేలికగా ఉండటం, వేడితో అతకడం, దెబ్బకు పగలకపోవడం, లోపలి మట్టం కనిపించేలా పాక్షిక పారదర్శకంగా చేయగలగడం వంటి కారణాలతో ఇది పాత రబ్బరు పెట్టెలను పక్కకు నెట్టింది. పలకల మధ్య ఒకప్పుడు పలుచని చెక్కరేకులు ఉంచేవారు. నేడు వాటి స్థానంలో సూక్ష్మరంధ్రాలు గల పాలిథీన్ సంచులు ఉంటాయి.

ఔషధాలలో

జఠరరసం కూడా హైడ్రోక్లోరిక్ ఆమ్లమే. ఒమెప్రజోల్ వంటి మందులు ఆ ఆమ్లంలో నశిస్తాయి కనుక వాటిపై సెల్యులోజ్ అసిటేట్ థాలేటు, మిథాక్రిలిక్ ఆమ్లపు పాలిమర్‌ల వంటివి పూతగా వేస్తారు. జఠరంలోని ఆమ్లంలో ఈ పూత కరగదు. చిన్నపేగులో ఆమ్లత తగ్గి పి.హెచ్. 5.5 దాటిన తరువాత కరుగుతుంది. ఇటువంటి మాత్రలను నమలరాదని, పొడి చేయరాదని వైద్యులు చెప్పడానికి కారణం ఇదే.

ఇళ్ళలో నిలువ

మన ఇళ్ళలో "యాసిడ్" అని పిలిచేది ఎక్కువగా హైడ్రోక్లోరిక్ ఆమ్లం. దానికి తగిన పాత్ర అధిక సాంద్రత పాలిథీన్ సీసా. అడుగున త్రికోణంలో 2 అంకె ఉంటుంది. మంచినీళ్ళ, శీతలపానీయాల సీసాలమీద 1 అంకె ఉంటుంది, అవి పి.ఇ.టి.తో చేసినవి. వాటిలో పోసిన హైడ్రోక్లోరిక్ ఆమ్లం వెంటనే కారిపోదు. ప్రమాదం అక్కడే ఉన్నది. సీసా నిలబడుతుంది, ద్రవం నీటిలా కనిపిస్తుంది, ఇంటిలో మరొకరు దాహానికి ఎత్తిపోసుకుంటారు. బ్యాటరీ కోసం తెచ్చిన గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లాన్ని ఇదే సీసాలో పోస్తే సీసా నిలబడదు కూడా. 2013 జూలైలో భారత సర్వోన్నత న్యాయస్థానం ఆమ్లాల చిల్లర అమ్మకంపై ఆంక్షలు విధించింది. కొనేవారి గుర్తింపు పత్రం చూసి, వివరాలు పుస్తకంలో నమోదు చేయనిదే అమ్మరాదని, 18 సంవత్సరాలు నిండనివారికి అసలే అమ్మరాదని ఆదేశించింది.

ఆమ్లపు సీసాను బ్లీచింగు పొడి పక్కన ఉంచకూడదు. రెండూ కలిస్తే క్లోరిన్ వాయువు పుడుతుంది. ఎండ తగిలే చోట ఉంచిన పాలిథీన్ సీసా ఆమ్లం ప్రమేయం లేకుండానే అతినీలలోహిత కిరణాల వల్ల పెళుసుబారుతుంది. తెల్లబారి, నొక్కినప్పుడు పిట్లిన చప్పుడు చేసే సీసాలోని ఆమ్లాన్ని అదే రకం కొత్త సీసాలోకి మార్చి, పాత చీటీలోని వివరాలను దానిమీద రాసి అతికించాలి.